నూగు వాలు

మా ఆయన ఎర్మెక్ పోయి ఏడాది తిరిగిన రోజున మా అత్తగారు నా తల మీది నల్ల రుమాలు విప్పి, శోకం తీరిందన్న గుర్తుగా తెల్లది కట్టింది. ఆయన గుర్రాన్ని కోశారు. వచ్చినవాళ్ళంతా తిన్నారు, అరచేతులు చాచి ప్రార్థన చేశారు, ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఇక పెరట్లో మిగిలినవి కడగాల్సిన గిన్నెల గుట్ట, గోడ వారగా ఉన్ని కంబళి కప్పుకుని నిలబడ్డ ఎర్మెక్ పాత ఆడీ కారు.

నేను గిన్నెల ముందు కూర్చున్నాను. వెనకనించి కుబాత్ గొంతు వినబడింది. ఆయన మా మామగారి తమ్ముడు. మెల్లగా మాట్లాడుతున్నాననే అనుకుంటాడు పాపం, ఆయన గుసగుసలాడితే పక్క వీధిలో కుక్కలు లేస్తాయి.

"అన్నా, పోయినవాడి వాహనాన్ని ఏడాది దాటి వాకిట్లో ఉంచుకోకూడదు. గుర్రమైతే ఇవాళ్టితో ఆ ముచ్చట తీరింది. ఇది కారాయె, కోసుకు తినలేం. సంతలో ఇచ్చేద్దాం. నువ్వు రోజూ పొద్దున్నే చీపురు పట్టుకుని దాని చుట్టూ ఊడుస్తుంటే నా వల్ల కావటం లేదు చూడటం."

నా చేతిలో గిన్నె జారి తపేలాలో పడింది.

ఆ కారు నాకు కావాలి. పెనిమిటి గుర్తుగా దాచుకోవడానికి కాదు, గుర్తులకేం, ఇల్లంతా ఆయనే. మాది కార్ల లోపలి పని. సీట్లకీ, తలుపులకీ, స్టీరింగుకీ తోలు తొడగడం. నేను మెషీను మీద కుట్టేదాన్ని, ఎర్మెక్ బిగించేవాడు. ఆయన పోయాక మా ఊరు కొచ్కోర్‌లో ఒక్క మగాడూ మా గుమ్మం తొక్కలేదు. నా కుట్టు మీద అనుమానంతో కాదు, విధవరాలి వాకిట్లో కారు ఆపితే నలుగురూ ఏమనుకుంటారోనని. అందుకని నేనే కారు వేసుకుని చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి, వాళ్ళ వాకిళ్ళలోనే కుట్టి వద్దామనుకున్నాను. నడపడం వచ్చు. ఎండిన ఏటి గులకరాళ్ళలో ఎర్మెక్కే నేర్పాడు, అరుస్తూ, తిడుతూ, మధ్యమధ్య నవ్వుతూ. కారు లేకపోతే నాకిక్కడ పని లేదు. పని లేకపోతే ఉండటానికి సాకూ లేదు. ఈ ఇంటికి నన్ను కట్టి ఉంచే పిల్లలు లేరు. మూట కట్టుకుని పుట్టింటికి, మా ముగ్గురు వదినల నోళ్ళ మధ్యకి పోవాల్సిందే.

అడగొచ్చు కదా అంటారు. నా నోరు మంచిది కాదని ఊరంతటికీ తెలుసు. పోలీసాయన్నీ, పెద్ద మౌల్వీనీ కూడా కడిగేసిన నోరు ఇది. కానీ కోడలు మామగారి ముందు నిలబడి "మీ కొడుకు కారు నాకు ఇవ్వండి" అనడానికి ఆ నోరు లేవలేదు.

మా మామగారి పేరు సగినాలి. గుర్రాలకి జీనులు చేసే మనిషి. మాటలు బహు పొదుపు. తమ్ముడు చెప్పినదంతా విని, గడ్డం నిమురుకుని అన్నాడు కదా:

"జీను సగం కట్టిన గుర్రాన్ని సంతకి తోలిన వాడు మన వంశంలో లేడు కుబాత్. ఆ బండి లోపల పని సగంలో ఆగిపోయింది. అది ముగియనీ, చూద్దాం."

ఆ మాట నిజమే. ఊరందరి కార్లకీ సోకులు చేసిన ఎర్మెక్, సొంత కారుని గాలికి వదిలేశాడు. నేను సాధించగా సాధించగా, పోయిన ఏడాది వేసవి ముందు గేర్ రాడ్డు చుట్టూ ఉండే ప్లాస్టిక్ చట్రం ఊడబెరికాడు. పాత తొడుగు చించి పారేశాడు. దానికని మంచి స్వేడ్ తోలు తెచ్చాడు, నూగున్న మెత్తటి తోలు, బొగ్గు రంగుది. ఇంతలో ఎవరి లారీలోనో దొలోన్ కనుమ దాటడానికి వెళ్ళాడు. ఆ ఎత్తున కాలం కాని కాలంలో మంచు కురిసింది. లారీ లోయలో దొరికింది.

"బిడ్డా," అని మామగారు నన్ను పిలిచాడు. "వాడు ఆపిన చోటినుంచి నువ్వు ముగించు."

"అలాగే ఆతా," అన్నాను తల వంచుకుని. నా ఉరితాడు నన్నే పేనుకోమన్నట్టుంది.

మర్నాడు పొద్దున్న ఇద్దరం కంబళి తీశాం. తలుపు తెరవగానే ఎర్మెక్ వాసన వచ్చింది, జిగురూ పొగాకూ కలిసిన వాసన. నేను డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. ఆయన అవతలి తలుపు తీసి, బయటే గొంతుక్కూర్చుని లోపలికి చూశాడు. ఆ సీట్లో కూర్చోలేదు.

చట్రం తీసిన చోట గేర్ రాడ్డు బోడిగా, సిగ్గులేకుండా నిలబడి ఉంది. దాని మొదట్లో, ఇనుప సందుల్లో, ఏళ్ళ తరబడి జారిపడ్డ పొద్దుతిరుగుడు గింజల పొట్టు. ఎర్మెక్ గింజలు నములుతూ తప్ప కారు నడిపేవాడు కాదు. పొట్టు పారేయడానికి కిటికీ ఉంది, అయినా పారేసేది ఇక్కడే. నేను ఎన్నిసార్లు పోట్లాడానో. గుడ్డ చేతిలో పట్టుకున్నాను గానీ తుడవడానికి చెయ్యి రాలేదు. కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకుందామన్నా మామగారు చూస్తున్నాడాయె.

ఆయన చెయ్యి లోపలికి పెట్టి ఆ పొట్టులో వెతికాడు. నమలకుండా జారిపోయిన గింజ ఒకటి దొరికింది. దాన్ని పళ్ళ మధ్య పెట్టి చిట్లించి, తిన్నాడు.

"మెత్తబడింది," అన్నాడు. "ఊడ్చెయ్ బిడ్డా."

ఊడ్చేశాను.

ఇక అక్కడినుంచి మొదలైంది మా భాగోతం. గేర్ రాడ్డు తొడుగు అంటే పెద్ద పనేం కాదు. నాలుగు ముక్కలు కత్తిరించి కుట్టాలి, పైన సన్నగా కింద వెడల్పుగా వచ్చేట్టు. చట్రానికి వేరే ముక్క పరిచి జిగురు పెట్టి, వేడి గాలి కొడుతూ మూలల దగ్గర లాగి అంటించాలి. తొడుగుని చట్రానికి లోపలివైపు బిగించి, క్లిప్పులు నొక్కితే అయిపోయింది. ఎర్మెక్ ఉండగా ఒక్క పూటలో చేసి పంపేవాళ్ళం. ఆ వేసవిలో నేను దాన్ని గడ్డి కోతల దాకా సాగదీశాను.

పొద్దున కుట్టినదాన్ని సాయంత్రం విప్పేదాన్ని. "కుట్టు వంకర పోయింది ఆతా," అనేదాన్ని. "దారం రంగు కలవలేదు," అనేదాన్ని. దారం కోసం సంతకి వెళ్ళి, సంతంతా తిరిగి, ఉల్లిపాయలు కొనుక్కుని వచ్చేదాన్ని. మామగారు కోప్పడతాడని భయపడుతూనే చేశాను. ఆయన మాత్రం "తొందరేముంది, తోలు పనికి తొందర పనికిరాదు," అని పోయేవాడు.

ఒక రోజు నిజంగానే కుట్టు బాగా వచ్చింది. ఎంత వెతికినా వంక దొరకలేదు. ఏం చెయ్యాలిరా దేవుడా అనుకుంటూ రాడ్డుకి తొడిగి చూపించాను. ఆయన కింద కూర్చుని చూసి చూసి, రాడ్డు పట్టుకుని ఐదో గేరులోకి తోశాడు. తొడుగు బిర్రుగా లాగింది. చెయ్యి వదలగానే రాడ్డు మెల్లగా వెనక్కి జారింది.

"చూశావా," అన్నాడు. "నిలబడ్డ గుర్రానికి కొలత తీశావు. పరిగెత్తేటప్పుడు పట్టీ బిగిసిపోయింది. అన్ని గేర్లలోనూ వేసి కొలుచుకోవాలి బిడ్డా. మళ్ళీ కత్తిరించు."

ఆ తప్పు నిజంగా నాదే, నాటకం కాదు. కానీ ఆయన మొహం చూస్తే ఏదో దొరికినవాడిలా ఉంది. మళ్ళీ కత్తిరించు అన్నప్పుడు ఆ గొంతులో ఎంత తీపి! అప్పుడు నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. ఆ తర్వాత చూస్తే, నా పెద్ద సూది మాయమైంది. అది ఆయన టోపీ అంచులో దొరికింది. జిగురు డబ్బా మూత తెరిచి ఎండలో పెట్టి ఉంది, గడ్డకట్టి రాయైపోయింది. మా ఇంట్లో పిల్లి కూడా అంత పని చెయ్యదు.

మా అత్తగారు బాత్మా గుమ్మంలో కూర్చుని పెరుగు ఉండలు ఎండబెడుతూ ఇదంతా చూస్తుండేది.

"ఏమేవ్ బురుల్, ఏనుగుకి తొడుగు కుడుతున్నావా? ఎన్నాళ్ళే?"

"పని నికరంగా ఉండాలి కదా అపా."

"నికరం! మా పెళ్ళైన కొత్తలో మీ మామ ఈ పాటికి పది జీనులు చేసేవాడే. ఇప్పుడేమో మీ ఇద్దరూ కలిసి సూదికి దారం ఎక్కించడానికే చలికాలం వచ్చేట్టుంది. దొంగకి దొంగ తోడు."

మామగారు విననట్టు మేఘాలు చూశాడు. ఆవిడ నావైపు చూసి నవ్వింది. తర్వాత కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఈ ఇంట్లో అందరికీ అన్నీ తెలుసు, ఒక్కళ్ళకీ నోరు రాదు.

చట్రానికి తోలు పరిచే రోజు ఆయన నా చెయ్యి ఆపి, తోలు మీద తన అరచెయ్యి పెట్టి నిమిరాడు. ఒక వైపు నిమిరితే నూగు పడుకుని లేతగా మెరిసింది. ఎదురు నిమిరితే లేచి నల్లబడింది.

"వాలు చూసుకున్నావా?" అన్నాడు.

"ఎర్మెక్ ఎటు కలిసొస్తే అటు వేసేవాడు ఆతా."

"వాడికి తొందరెక్కువ. గుర్రానికి వెంట్రుక తలనుంచి తోక వైపు పడుకుంటుంది. జీను తోలూ అలాగే పరవాలి. బండికీ అంతే, ముక్కు ముందుంది కదా. చెయ్యి వెనక్కి లాగితే మెత్తగా జారాలి. తిరగేసి వేశామంటే..."

అక్కడ ఆగిపోయాడు. మిగతాది నాకు తెలుసు. మా వైపు పసిపిల్లకైనా తెలుసు. పోయినవాడి గుర్రానికే జీను తిరగేసి కడతారు. ఇక దాన్ని ఎవరూ ఎక్కరు. ఆయన ఆ తోలు ముక్కని మరోసారి ఎదురు నిమిరాడు.

గడ్డి కోతలు అయిపోతుండగా కుబాత్ వచ్చాడు. అత్-బాషీలో గొర్రెలున్న ఆసామి ఒకడు కారు చూడటానికి వస్తున్నాడట. నేను చాయ్ పోసి ఇస్తుంటే నా మొహంలోకి చూసి గొంతు తగ్గించాడు, అంటే ఇంట్లోవాళ్ళకి మాత్రమే వినబడేంత.

"అమ్మాయ్, నాకేదో సంబరంగా ఉందనుకోకు. అన్నయ్య కుంగిపోతున్నాడు. చనిపోయినవాణ్ణి సాగనంపాలి, వాకిట్లో కట్టేసుకోకూడదు. పని కానివ్వమ్మా ఇంక."

ఆయన చెడ్డవాడైతే తేలికగా ఉండేది. నాలుగు మాటలు దులిపేసేదాన్ని. కానీ ఆ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ మర్నాడు పొద్దున్నే లేచి కూర్చుని నాటకాలన్నీ కట్టిపెట్టాను. కారు పోతే పోనీ. ఎర్మెక్ మొదలెట్టిన పని సగంలో ఉండగా పరాయి చేతికి వెళ్ళకూడదు. అన్ని గేర్లలోనూ రాడ్డు వేసి కొలిచాను. వెనక్కి పోయే గేరుకి కాస్త వదులు ఎక్కువ ఇచ్చాను. ఎర్మెక్‌కి ఇష్టమైన ఇటుకరంగు దారంతో కుట్టాను, ఒక్క కుట్టు కూడా విప్పలేదు. చట్రం మీద తోలు పరిచి, వాలు వెనక్కి ఉందో లేదో చేత్తో నిమిరి చూసుకుని జిగురు పెట్టాను. జుట్టు ఆరబెట్టుకునే మెషీనుతో వేడి కొడుతూ, గుండ్రటి మూలల దగ్గర ముడత రాకుండా లాగాను. వేళ్ళు కాలాయి. క్లిప్పులు టక్ టక్ మని కూర్చున్నాయి. రాడ్డు మీద చెయ్యి వేసి గేర్లన్నీ మార్చి చూశాను. ఎక్కడా పట్టెయ్యలేదు. అంత మంచి పని నేను మళ్ళీ చెయ్యలేను. ఎర్మెక్ చూస్తే "పరవాలేదే" అనేవాడు, అంతకంటే మెచ్చుకోలు ఆయనకి చేతకాదు. స్టీరింగు మీద తల పెట్టి గట్టిగా ఏడ్చాను.

మామగారు వచ్చి చూశాడు.

"రేపు మీ అత్తా నువ్వూ కొండ మీదికి పోయి కుమిస్ తీసుకురండి," అన్నాడు. "వచ్చే అతిథికి ఇంట్లో తాగడానికి ఏమీ లేదు."

పక్కింటివాళ్ళ లారీలో వెళ్ళి, మేత మైదానంలో గుడారాల దగ్గర పులిసిన గుర్రపు పాలతో తోలు తిత్తి నింపుకుని, పొద్దు వాలకముందే తిరిగొచ్చాం. మామగారు గుమ్మంలో చేతులు రుద్దుకుంటున్నాడు. వేళ్ళకి జిగురు అంటుకుని ఉంది. ఏ జీను పనో చేసుంటాడులే అనుకున్నాను. నా మనసు అప్పుడు జిగుర్ల మీద లేదు.

అత్-బాషీ ఆసామి మంచి మనిషి. ఎత్తరి, తెల్ల టోపీ, పెద్ద నవ్వు. కుమిస్ రెండు గిన్నెలు తాగి, మీసాలు తుడుచుకుని, కారు చుట్టూ తిరిగాడు. చక్రాలు తన్నాడు. ఇంజను విని తలూపాడు. కుబాత్ వెనకాలే తిరుగుతూ కారుని గుర్రంలా పొగుడుతున్నాడు. నేను అత్తగారి పక్కన నిలబడి తెల్ల రుమాలు అంచు నములుతున్నాను.

ఆసామి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. గేర్ రాడ్డు దగ్గర చూపు నిలిచింది.

"అబ్బో! ఇదెవరు చేశారు? ఏం తోలండీ!" అంటూ అరచేత్తో నిమిరాడు. చెయ్యి ముందుకి మెత్తగా పోయింది. వెనక్కి లాగేసరికి ఆగాడు. మళ్ళీ లాగాడు. అతని చెయ్యి వెనకాలే నూగు లేచి నల్లబడటం నాకు కిటికీలోంచి కనబడింది. "ఇదేమిటి పెద్దాయనా, ఎదురు లేస్తోందే?"

నేను వేసింది అలా కాదు. చేత్తో నిమిరి మరీ వేశాను.

మామగారు గడ్డం నిమురుకున్నాడు.

"అవును తమ్ముడూ. పోయిన మా అబ్బాయి వాహనం ఇది. మా ఇంటి పద్ధతి, తిరగేసి పరుస్తాం."

ఆసామి నిప్పు తగిలినట్టు చెయ్యి తీసేశాడు. దిగిపోయి, అరచేతులు మొహానికి తాకించుకుని, "దేవుడు ఆయన్ని చల్లగా చూడాలి," అన్నాడు. మూడో గిన్నె కుమిస్ కూడా మర్యాదగా తాగాడు. సంత గురించీ గొర్రెల గురించీ మాట్లాడి, కారు మాట ఇక ఎత్తకుండా వెళ్ళిపోయాడు.

గేటు మూసీ మూయగానే కుబాత్ అందుకున్నాడు. "అన్నా! పుట్టినప్పటినుంచీ జీనులు చేసినవాడివి! నూగు ఎటు వాలిందో నీకు తెలియదా?"

"ముసలాణ్ణయ్యాను. కళ్ళు ఆనట్లేదు," అన్నాడు మామగారు. అద్దాలు లేకుండా చీకటింట్లో సూదికి దారం ఎక్కించే మనిషి.

మా అత్తగారికి నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పరిగెత్తింది. కుబాత్ అన్నని చూశాడు, నన్ను చూశాడు, కారుని చూశాడు. చెయ్యి విదిల్చి, మిగిలిన కుమిస్ దగ్గరికి పోయాడు.

మామగారు లోపలి పెట్టెలోంచి తోలు చుట్ట ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. తన జీనుకని దాచుకున్న నూగు తోలు, తేనె రంగుది.

"అది పీకెయ్ బిడ్డా. దీన్ని సరిగా పరుచు."

నా నోరు అప్పటికి లేచింది. "ఎందుకు ఆతా? ఇంకెవరికైనా అమ్మటానికా?"

"ఎక్కటానికి."

అని చీపురు పట్టుకుని, కారు చుట్టూ కాకుండా గేటు దగ్గర ఊడవడం మొదలుపెట్టాడు.

ఈసారి ఒక్క పూటలో ముగించాను. కుట్టుమెషీను వెనక సీట్లో పెట్టుకుని బయల్దేరేసరికి, కొండ అంచుల్లో అప్పుడే కొత్త మంచు కనబడుతోంది. అత్తగారు నూనెలో వేయించిన పిండి బిళ్ళలు, బొర్సోకులు, గుడ్డలో మూట కట్టి ఇచ్చింది. స్టార్ట్ చేస్తుంటే పక్క తలుపు తెరుచుకుంది. మామగారు ఎక్కి, టోపీ సర్దుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"మొదటి ఊరి దాకా వస్తాను," అన్నాడు. "ఆ రోడ్డు మంచిది కాదు."

ఊరు దాటాక, వంతెన దగ్గర గుర్రం మీద ఒక ముసలాయన గొర్రెల్ని దాటిస్తున్నాడు. ఆపాను. మామగారికి పాత స్నేహితుడే. గుర్రాన్ని కారు పక్కకి తెచ్చి, కిటికీలోకి వంగి, ముందు ఆయన్నీ తర్వాత నన్నూ చూశాడు.

"సగినాలీ! ఎంత కాలమైందయ్యా. ఇది మీ ఎర్మెక్ కారు కదూ?"

నేను స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను. మామగారి చెయ్యి కొత్త తోలు మీద ఉంది. గొర్రెలు కారుని ఒరుసుకుంటూ పోతున్నాయి.

"కాదు," అన్నాడు. "మా కోడలిది."

ముసలాయన తలూపి, గుర్రాన్ని పక్కకి తిప్పాడు. నేను కారు కదిలించాను. మామగారు ముందున్న రోడ్డు వైపే చూస్తూ ఉన్నాడు. గడ్డం తడిసింది, తుడుచుకోలేదు.

"రెండో గేరు వెయ్ బిడ్డా," అన్నాడు. "ఎత్తు వస్తోంది."